శివరాత్రిలోపు పూలతోట వేసుకునేవాళ్లకి: ఏ మొక్క, ఏ కుండీ, ఏ చోటు

సంక్రాంతి ముగ్గుల రంగులు వాకిట్లో ఇంకా పూర్తిగా పోకముందే నర్సరీల ముందు రంగులు మొదలవుతాయి. పెటునియాలు, డాలియాలు, డయాంథస్, సాల్వియా, పిడికెడంత చేమంతులు, అన్నీ విరగబూసి రోడ్డు మీద పోయేవాళ్ల కాళ్లు ఆపేస్తాయి. మా డాబా మీద తోట మొదలుపెట్టిన ఏడాది నేనూ అలాగే ఆగాను. ఫిబ్రవరి మొదటి వారంలో 12 కుండీలు ఆటోలో పెట్టించుకుని తెచ్చాను. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు కోయడానికి డాబా ఎక్కిన రోజుకి అందులో తొమ్మిది ఎండిపోయి ఉన్నాయి. నీళ్లు చాల్లేదేమో అని ఎక్కువ పోశాను, ఎక్కువయ్యాయేమో అని ఆపాను, ఎరువు వేశాను, నీడకి జరిపాను, ఏం చేసినా నిలవలేదు. అవి చలికాలం మొక్కలని, మన ఎండలకి వాటి ఆయుష్షు మార్చితో సరి అని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. వేసవికి ఉంటాయా అని నేను అడగలేదు, అమ్మినతను చెప్పలేదు.

అప్పట్నుంచి ఏ మొక్క కొన్నా, ఏ కుండీ కొన్నా నాకు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది మే రెండో వారంలో మా ఇంట్లో, ఈ చోట, ఎలా ఉంటుంది? కింద చెప్పే పోలికలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందు టైం సంగతి. ఇంటర్నెట్‌లో వసంతకాలం తోటపని అని వెతికితే వచ్చే సలహాల్లో సగం మంచు పడే దేశాలవి. మంచు కరగ్గానే నేల తవ్వండి, ఏప్రిల్ చివర్లో నాటండి అంటారు. వాళ్లకి ముందున్నది మెత్తటి ఎండ. మనకి ముందున్నది రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. పంచాంగంలో వసంతం చైత్రంతో మొదలైనా, మొక్కలకి సంబంధించినంతవరకు మన వసంతం మాఘ ఫాల్గుణాలే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, అది పోయేలోపు మొక్క మట్టిలో ఉండాలి. నాటిన మొక్క కొత్త మట్టిలోకి వేళ్లు పాకించుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఫిబ్రవరి పదికి నాటితే ఏప్రిల్ మొదటికల్లా వేరు నిలదొక్కుకుంటుంది. అదే మొక్కని మార్చి చివర నాటితే వేరు పాకకముందే 40 డిగ్రీలు వచ్చి పడతాయి. కోస్తాలో ఉన్నవాళ్లకి గాలిలో తేమ ఉంటుంది కాబట్టి కొంచెం వెసులుబాటు ఉంది కానీ, తెలంగాణ, రాయలసీమ, పల్నాడు పొడి ఎండల్లో, రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల అయితే ఒక్కో వారం ఆలస్యానికీ లెక్క ఉంటుంది.

మల్లె, గులాబీ, కనకాంబరం, మందారం

ఎక్కువమంది ఊగిసలాడేది ఈ నాలుగింటి మధ్యే. నాలుగూ పెట్టుకోగలిగే చోటుంటే గొడవ లేదు. ఒకటో రెండో అంటే మాత్రం ఆలోచించాలి.

మల్లెకి నా ఓటు మొదటిది, దాచుకునేదేం లేదు. మిగతా మొక్కలు ఎండకి తట్టుకుంటాయి, మల్లె ఎండకి పూస్తుంది. ఎండ ముదిరేకొద్దీ మొగ్గలెక్కువ. మార్చి నుంచి జూన్ దాకా దాని సీజన్, సరిగ్గా మిగతా తోటంతా ముఖం వేలాడేసే రోజులు. రోజుకి కనీసం ఆరు గంటల నేరు ఎండ ఉండాలి, అది లేకపోతే తీగలు సాగి ఆకులు నిండుగా వస్తాయి, పూలు రావు. "మా మల్లె పూయట్లేదు" అన్నవాళ్ల ఇళ్లలో నేను చూసినంతవరకు రెండే కారణాలు: నీడ, కత్తిరించకపోవడం. కత్తిరింపు విషయంలో జాలి పడితే ఆ ఏడాది పూలు పోయినట్టే.

నేను చేసే పద్ధతి చెప్తాను. జనవరిలో పది పన్నెండు రోజులు నీళ్లు బాగా తగ్గించేస్తాను. ఆకులు వాడి, కొన్ని పసుపెక్కుతాయి. అప్పుడు ఎండుపుల్లలు, సన్నటి బలహీనమైన కొమ్మలు అన్నీ తీసేసి, మిగిలిన గట్టి కొమ్మల్ని నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో కోసేస్తాను, మిగిలిన ఆకులు కూడా చేత్తో దూసేస్తాను. చూడ్డానికి పుల్లల కట్టలా ఉంటుంది, ఇంట్లోవాళ్లు చంపేశావని తిడతారు. పైన రెండంగుళాల మట్టి వేళ్లు తెగకుండా గుల్ల చేసి, రెండు గుప్పిళ్ల మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి, కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోస్తాను. వారం, పది రోజులకి కణుపుల దగ్గర ఆవగింజంత ఆకుపచ్చ బుడిపెలు కనిపిస్తాయి, కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూస్తే ఒక్కో కణుపుకి ఎదురెదురుగా రెండేసి. ఆ బుడిపెలే కొమ్మలవుతాయి, ఆ కొత్త కొమ్మల చివర్లే మొగ్గలు. పాత కొమ్మ మీద మల్లె పెద్దగా పూయదు, అందుకే కోయాలి. జనవరిలో చేయలేకపోయినవాళ్లు ఫిబ్రవరి మొదటి వారంలో అయినా చేయండి, ఆ తర్వాత కోస్తే సీజన్ సగం పోతుంది.

మల్లెలో గుండుమల్లె కావాలా, రేకులు ఎక్కువుండే దొంతర మల్లె కావాలా అని అడుగుతుంటారు. మాల కట్టుకోవడానికి గుండుమల్లె. దొంతర మల్లె విడిగా అందంగా ఉంటుంది కానీ ఇంట్లో మొక్క మీద లెక్కకి తక్కువే పూస్తుంది. జాజి గురించి అడిగితే, జాజి అసలు సీజన్ వానాకాలం, తీగకి పందిరి కూడా కావాలి, కాబట్టి ఇప్పుడు నాటినా ఈ వేసవికి దాన్నుంచి ఆశ పెట్టుకోవద్దు. కాగడా మల్లెలు చలికాలానివి.

గులాబీ విషయంలో నేను చెప్పేది చాలామందికి నచ్చదు. ఫిబ్రవరిలో పూలతో ఉన్న హైబ్రిడ్ గులాబీ కొనొద్దు. ఇప్పుడది చాలా బాగుంటుంది, నిజమే. గులాబీకి మన దగ్గర అసలు కత్తిరింపు అక్టోబర్‌లో, మంచి పూత డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. అంటే మీరు చూస్తున్నది దాని పరుగు చివర. ఏప్రిల్‌లో పూలు చిన్నవైపోతాయి, రేకుల అంచులు మాడతాయి, తామర పురుగులు చేరి మొగ్గ విచ్చుకోకుండానే గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు కంగారుపడి మందులు కొట్టడం మొదలుపెడతాం. గులాబీ కావాల్సిందే అంటే రెండు దార్లు. ఒకటి, వానలు పడ్డాక కొనడం. రెండోది, ఇప్పుడే కావాలంటే హైబ్రిడ్ బదులు నాటు గులాబీ కొనడం. పువ్వు వదులుగా ఉంటుంది, రెండో రోజుకే రేకులు రాలతాయి, కానీ వాసన ఉంటుంది, మొండిది, సొంత వేరు మీద ఉంటుంది. హైబ్రిడ్ అంటు మొక్కల్లో అంటు కట్టిన ముడి కింద నుంచి దొంగ కొమ్మలు వస్తుంటాయి, వాటి ఆకు వేరుగా, ముళ్లు వేరుగా ఉంటాయి. వాటిని అలా వదిలేస్తే రెండేళ్లకి పై గులాబీ చచ్చిపోయి కింది అడవి గులాబీ మిగులుతుంది. నాటు గులాబీకి ఆ బెంగ లేదు. ఇప్పటికే హైబ్రిడ్ ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడు గట్టిగా కత్తిరించకండి, వాడిన పువ్వుని కింద రెండాకులతో కలిపి తుంచుతూ, మార్చి మధ్య నుంచి మధ్యాహ్నం ఎండ తగలని చోటికి జరపండి.

కనకాంబరానికి వాసన లేదని చిన్నచూపు చూస్తారు. కానీ పూర్తి ఎండ లేని ఇంటికి ఇంతకంటే నమ్మకమైన పూలమొక్క నాకు తెలియదు. రోజుకి మూడు నాలుగు గంటల పొద్దుటి ఎండ చాలు, ఏడాదిలో ఎక్కువ రోజులు పూస్తూనే ఉంటుంది, మల్లెతో కలిపి కట్టిన మాలలో రెండో రోజుకి కూడా వాడదు. ఇందులో నాటు రకానికీ ఢిల్లీ కనకాంబరానికీ తేడా తెలుసుకుని కొనండి. ఢిల్లీ కనకాంబరం పువ్వు పెద్దది, నారింజ రంగు, కానీ దానికి గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచుకోవాలి. నాటుది గింజతో వస్తుంది. ఎండిన కాయని అరచేతిలో పెట్టుకుని ఒక నీటిబొట్టు వేయండి, కాసేపటికి టప్పున పగిలి గింజలు ఎగిరిపడతాయి. మా ఇంట్లో పిల్లల్ని తోటలోకి రప్పించింది ఆ చప్పుడే. దీనికున్న పెద్ద శత్రువు మట్టిలో ఉండే నులిపురుగు. వేళ్ల మీద ముడులు కట్టి మొక్క గిడసబారిపోతుంది. అలా పోయిన కుండీలో అదే మట్టితో మళ్లీ కనకాంబరం వేయకండి. కొత్త మట్టిలో వేపపిండి ముందే కలుపుకోవడం మంచిది.

మందారం గురించి చిన్నగా చెప్పేస్తాను. పూజకి రోజూ నాలుగు పూలు కావాలంటే నాటు ఎర్రమందారం, ఒంటిరేకుది. రంగురంగుల పెద్ద హైబ్రిడ్ మందారాలు చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంటాయి, కానీ పిండినల్లి ముందు వాలేది వాటి మీదే, ఎండలో మొగ్గలు రాల్చేదీ అవే. పిండినల్లి కనబడగానే నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి కడిగి, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. పొద్దున చల్లితే ఎండకి ఆకు మాడుతుంది.

బంతి ఇప్పుడు వేయాలా?

వేయొద్దనే అంటాను. ఫిబ్రవరి మధ్యలో గింజ వేస్తే పూతకి 55, 60 రోజులు, అంటే ఏప్రిల్ మధ్య. ఆ ఎండకి పువ్వు రూపాయి బిళ్లంత అయిపోతుంది. అదే గింజని దాచుకుని జూలై రెండో పక్షంలో వేయండి, బతుకమ్మకి, దసరాకి గుమ్మం నిండా తోరణాలు కట్టుకోవచ్చు. చేమంతి కూడా అంతే. అది రాత్రులు పొడుగ్గా ఉన్నప్పుడే మొగ్గ తొడిగే మొక్క, వేసవిలో ఎన్ని ఎరువులు వేసినా పూయదు. ఇంట్లో ఉన్న చేమంతి పూత అయిపోగానే పారేయకండి, నాలుగంగుళాల ఎత్తుకి కోసేసి నీడపట్టున పెట్టి బతికించుకుంటే జూన్, జూలైలో దాని చుట్టూ వచ్చిన పిలకలు ఒక్కోటీ ఒక్కో కుండీ అవుతుంది.

ఇప్పుడు గింజ వేయదలిస్తే జీనియా వేయండి, వారం తిరక్కుండా మొలుస్తుంది, ఎండని లెక్కచేయదు. శంఖుపూల గింజలు రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటితే కిటికీ గ్రిల్‌కి రెండు నెలల్లో నీలం పూలు. నాచుపూలకి గింజ కూడా అక్కర్లేదు, పక్కింటివాళ్లని వేలెడంత ముక్క అడిగి మట్టిలో గుచ్చితే చాలు. బిళ్లగన్నేరు దానంతట అదే మొలుస్తుంది, దాన్ని చంపేది ఎండ కాదు, మనం అతిగా పోసే నీళ్లే.

చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. మనం లిల్లీ అని పిలిచే నేలసంపెంగ దుంపలు నాటడానికి ఇదే సరైన కాలం. మల్లె మొక్కకి చోటు, ఓపిక లేనివాళ్లకి వాసన కోసం ఇది మంచి బదులు. ఒక పన్నెండంగుళాల కుండీలో మూడు, నాలుగు దుంపలు, రెండంగుళాల లోతున పెడితే మూడు నెలల తర్వాత కాడలు లేస్తాయి. ఒంటిరేకు, ముద్దరేకు రెండూ దొరుకుతాయి. వాసనకి ఒంటిరేకుదే, ఫ్లవర్‌వాజ్‌లో అందానికి ముద్దది.

చోటు: ఫిబ్రవరి ఎండని నమ్మొద్దు

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దక్షిణం బాల్కనీలో ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. అది చూసి మల్లెలన్నీ అక్కడ సర్దుతారు. కానీ సూర్యుడు రోజురోజుకీ పైకి, ఉత్తరానికి జరుగుతుంటాడు. మే రెండో వారానికి హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, అక్కణ్నుంచి ఆగస్టు మొదటి దాకా మధ్యాహ్నం పూట కూడా కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు. అంటే పైన స్లాబ్ ఉన్న దక్షిణం బాల్కనీకి మల్లెకి ఎండ కావాల్సిన నెలల్లోనే నేరు ఎండ దాదాపు ఉండదు. దాని బదులు అక్కడ కనకాంబరం పెట్టండి, వేసవంతా హాయిగా ఉంటుంది.

తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, గులాబీ కూడా వేసవి దాటేస్తుంది. పడమర బాల్కనీ కష్టమైనది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా గోడ కూడా కాలుతుంది, కుండీ ఒక పక్క పొయ్యి మీద పెట్టినట్టు వేడెక్కుతుంది. అక్కడ కాగితంపూలు, నాచుపూలు, మల్లె. కాగితంపూలకి నీళ్లు కాస్త తక్కువ పోస్తేనే పూత ఎక్కువ అని కూడా గుర్తుంచుకోండి. ఉత్తరం బాల్కనీలో పూలతోట వేయమని నేను చెప్పలేను. అక్కడ పీస్ లిల్లీ ఒకటీ రెండూ పెట్టుకుని మిగతాది ఆకుమొక్కలకి వదిలేయడం మంచిది.

నేల ఉన్నవాళ్లకి కుండీ ఎందుకు అసలు? మల్లె, మందారం, నందివర్ధనం, నూరువరహాలు నేలలో పెడితే కుండీలో కంటే మూడింతలు పెరుగుతాయి, రెండ్రోజులు ఊరెళ్లినా చావవు. ఒక్క గన్నేరు విషయంలో మాత్రం పసిపిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు, మొక్కంతా విషమే. నల్లరేగడి నేల అయితే అడుగున్నర గుంత తీసి, తీసిన మట్టిలో మూడోవంతు ఇసుక, మూడోవంతు మాగిన ఎరువు కలిపి నింపండి. లేకపోతే వేసవిలో నేల బీటలు వారినప్పుడు వేళ్లు తెగిపోతాయి.

కుండీ ఏది?

మట్టి కుండీ, ప్లాస్టిక్, గ్రో బ్యాగ్, సిమెంటు తొట్టి. కూజాలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మట్టి కుండీలో వేళ్లు చల్లగా ఉండేదీ అందుకే, గోడలోంచి తేమ బయటికి వచ్చి ఆవిరవుతుంది. ఆ ఆవిరయ్యే నీళ్లు మనం పోసినవే కాబట్టి మే నెలలో రోజుకి రెండుసార్లు పోయాలి. ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉంటారంటే మట్టి కుండీయే తీసుకోండి, మొక్క సంతోషం కంటికి తెలుస్తుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఉద్యోగాలైతే ప్లాస్టిక్ నయం, తేమ నిలుస్తుంది. కానీ నలుపు, ముదురు గోధుమ రంగులు వద్దు, తెలుపో లేత రంగో తీసుకోండి. ముదురు రంగువి ఇప్పటికే ఉంటే బయట సున్నం పూయండి, లేదా తడిపిన గోనెపట్టా చుట్టండి. గ్రో బ్యాగులు తేలిక, డాబా మీద బరువు భయం ఉన్నవాళ్లకి మంచివే, కాకపోతే రెండు మూడు వేసవులకి కుట్టు దగ్గర చిరుగుతాయి, మల్లె లాంటి పదేళ్ల మొక్కకి అవి వద్దు. సిమెంటు తొట్లు కింద వాకిట్లోకి బాగుంటాయి, పైకి మాత్రం మోయకండి.

బరువు సంగతి వచ్చింది కాబట్టి: 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో మామూలు మట్టి నింపి తడిపితే 30 కిలోలు దాటుతుంది. అలాంటివి 20 పెడితే 600 కిలోలు. అందుకే డాబా మీద కుండీలు మధ్యలో గుంపుగా కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న చోట వరసగా పెట్టాలి, స్టాండు మీద పెడితే అడుగున నీళ్లు నిలిచి స్లాబ్ నానదు.

ఏ రకం అన్నదానికంటే ఎంత పెద్దది అన్నది ముఖ్యం. ఎనిమిదంగుళాల కుండీలో మట్టి ఏప్రిల్‌లో మధ్యాహ్నానికే ఎండిపోతుంది, 14 అంగుళాల దానిలో మర్నాటి దాకా తడి ఉంటుంది. పది చిన్న కుండీల డబ్బుతో నాలుగు పెద్దవి కొనండి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

మట్టి

ఒట్టి ఎర్రమట్టి నింపితే ఏప్రిల్‌కి ఇటుకలా గట్టిపడుతుంది. ఒట్టి కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు నింపితే తేలికగా ఉంటుంది కానీ ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు పోసినా పక్కల నుంచి జారిపోతాయి, మధ్యలో తడవదు. డాబాకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి. బరువు మరీ సమస్య అయితే మట్టి, పొట్టు సమానంగా. కొబ్బరిపొట్టు దిమ్మ నానబెట్టాక ఆ మొదటి నీళ్లు పారబోసి ఇంకోసారి కడగండి, అందులో ఉప్పు ఉంటుంది. ఇక ఎరువు విషయంలో రాజీ వద్దు, పచ్చి పేడ వేస్తే వేరు ఉడికిపోతుంది, చెదలు వస్తాయి. చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా, నల్లగా, వాన పడ్డ నేల వాసన రావాలి. పేడ వాసన వస్తే అది ఇంకా మాగలేదు.

బోరు నీళ్లు వాడేవాళ్ల కుండీల పైన తెల్లటి పొర కడుతుంది. అది ఉప్పు. పైన అంగుళం మట్టి గీకి పారేసి, నెలకోసారి అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోయాలి. గులాబీ ఈ ఉప్పుని అస్సలు ఓర్చుకోదు, బోరు నీళ్లు తప్ప వేరే దిక్కు లేని ఇంట్లో గులాబీ బదులు కాగితంపూలు, గన్నేరు జాతి మొక్కల వైపు వెళ్లండి.

నర్సరీలో నిలబడి

రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక వైపు వెళ్లగలిగినవాళ్లకి రకాలకి కొదవ లేదు. మన ఊళ్లలో నర్సరీలకి వచ్చే మొక్కల్లో చాలావరకు అటు నుంచి వచ్చేవే. హైదరాబాద్‌లో అయితే నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో పెట్టే నర్సరీ మేళాలో ఒకేచోట పోల్చి చూసుకోవచ్చు. ఎక్కడ కొన్నా పూలు చూడకండి, కింద చూడండి. కవరు అడుగున రంధ్రాల్లోంచి తెల్లటి సన్న వేళ్లు ఒకటీ రెండూ కనబడితే మంచి మొక్క. లావుపాటి గోధుమరంగు వేళ్లు బయటికి వచ్చి చుట్టుకుని ఉంటే అది ఆ కవర్లో చాన్నాళ్లుగా ఇరుక్కుని ఉంది. ఆకు తిప్పి వెనక చూడండి, సన్నటి బూజులాంటి గూడు, ఎర్రటి చుక్కలు కదులుతుంటే ఎర్రనల్లి, అది మీ ఇంట్లో మొక్కలన్నిటికీ పాకుతుంది. రెండు మల్లె మొక్కల్లో ఒకటి పొడుగ్గా మూడు పూలతో, ఇంకోటి పొట్టిగా మొదట్లోంచి నాలుగు కొమ్మలతో ఉంటే పొట్టిదే తీసుకోండి.

ఇంటికి తెచ్చాక చేసే ఒక పనితో సగం మొక్కలు బతుకుతాయి. లారీల్లో దూరం వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ జిగురు మట్టి ముద్ద గట్టిగా పట్టి ఉంటుంది. దాన్ని అలాగే మన గుల్ల మట్టిలో పెడితే, పోసిన నీళ్లన్నీ చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి దిగిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తూనే మొక్క దాహంతో చస్తుంది. నేను ఒక మందారాన్ని అలా పోగొట్టుకున్నాను, పీకి చూస్తే ముద్ద మధ్యలో మట్టి దుమ్ములా ఎండి ఉంది. అందుకని కవరు చింపి, ముద్దని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా, ఒక పావుగంట ముంచి ఉంచండి. మెత్తబడ్డాక పుల్లతో చుట్టూ నాలుగైదు చోట్ల గీరి, బయటి పొర కొంచెం రాలనిచ్చి, వేరు చివరలు బయటికి కనబడేలా చేసి నాటండి. సాయంత్రం పూట నాటండి. మొదటి వారం పొద్దుటి ఎండ మాత్రమే, ఆ తర్వాత దాని చోటికి. మట్టి పైన రెండంగుళాల మందాన ఎండుటాకులో, కొబ్బరి పీచో కప్పండి, పొద్దుటి నీళ్లు ఏడు లోపే. ఏప్రిల్ మొదట్లో కనకాంబరం, గులాబీల మీద సగం ఎండని ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. మల్లె మీద మాత్రం కట్టకండి, దానికి ఆ ఎండే కావాలి.